హెడ్డర్లు వేసిన హోండా సిటీలో ఇంజిన్ వైరింగ్ దారి మార్చడం: కడప ఎండల్లో నా అనుభవం

2000 నుంచి 2003 దాకా అమ్మిన హోండా సిటీ 1.5 వీటెక్ చేతిలో ఉన్నవాళ్లు ఎక్కువగా అడిగేది హెడ్డర్ల గురించే, అంటే ఇంజిన్ పొగను బయటికి తీసుకుపోయే విడి పైపుల గురించే. అదే పని చేసే కంపెనీ మానిఫోల్డు విప్పి స్టెయిన్‌లెస్ హెడ్డర్లు బిగించడం ఒక పూట పని. దాని చుట్టూ ఉన్న వైరింగ్‌ను కొత్త దారిలో తిప్పడానికి అంతకు రెండింతలు పడుతుంది. ఈ రెండో పనిని తూతూమంత్రంగా చేసిన బండ్లే ఎండాకాలంలో ఏసీ ఆగిపోయిందనీ, ఫ్యాను తిరగలేదనీ, వేడెక్కాక మిస్సింగ్ వస్తోందనీ షెడ్డుకు వస్తాయి. కడపలో మే నెల మధ్యాహ్నం నీడలోనే 42, 43 డిగ్రీలు ఉంటుంది. బానెట్టు కింద వైరింగ్‌కు మిగిలే వెసులుబాటు ఇక్కడ చాలా తక్కువ. ఈ బండి మీద పని ఏ వరసలో చేశానో, ఏ సామాను ఎక్కడ వాడానో, ఎందుకు వాడానో రాస్తున్నాను.

ముందు వేడి సంగతి. కంపెనీ మానిఫోల్డు మీద రేకు షీల్డు ఉంటుంది. రేకుకూ మానిఫోల్డుకూ మధ్య గాలి సందు ఉంటుంది కాబట్టి ముందున్న తీగలకు సెగ నేరుగా తగలదు. హెడ్డర్లకు షీల్డు రాదు. పైపు గోడ మందం 1.5 మి.మీ. అటూఇటూ. లోపలి వేడి బయటికి వెంటనే వచ్చేస్తుంది. మామూలు హైవే నడకలో పైపు పైభాగం 300 నుంచి 500 డిగ్రీల దాకా పోతుంది. బరువుతో ఘాటు ఎక్కిస్తే 600 దాటి చీకట్లో ఎర్రగా కనబడుతుంది. పైపు వేడి 400 నుంచి 600కు పెరిగితే అది చిమ్మే సెగ ఒకటిన్నర రెట్లు పెరుగుతుందని చాలామంది లెక్క. నిజానికి దాదాపు మూడింతలవుతుంది. మెల్లగా నడిపిన రోజు ఏమీ కాని వైరింగ్ ఒక్క ఘాటు రోడ్డులో కరగడానికి కారణం ఇదే.

ఇప్పుడు తీగల ఓపిక. మామూలు పీవీసీ ఆటో వైరు 80 నుంచి 105 డిగ్రీల దాకానే. క్రాస్-లింక్డ్ రకం 125 ఆగుతుంది. సిలికాన్ తీగ 180 నుంచి 200, టెఫ్లాన్ తీగ ఇంకా పైకి. నల్లటి ముడతల గొట్టంలో పాలిథిన్ రకం 90 దగ్గరే మెత్తబడుతుంది, నైలాన్ రకం 120 దాటి తట్టుకుంటుంది. బయటికి రెండూ ఒకేలా కనబడతాయి. కొనేటప్పుడు చిన్న ముక్క కోసి వేడి సాల్డరింగ్ ఐరన్ దగ్గరికి తెస్తే పాలిథిన్ వెంటనే మైనం వాసనతో కారుతుంది. మామూలు నైలాన్ కేబుల్ టై 85 డిగ్రీల సరుకు. నల్ల ఇన్సులేషన్ టేపు కూడా అంతే, వేడికి జిగురు కారి విప్పుకుంటుంది. తీగ ఎంత మంచిదైనా దాన్ని పట్టుకున్న టై తెగితే తీగ వెళ్లి పైపు మీదే పడుతుంది. నేను చూసిన కాలిన వైరింగుల్లో మొదట ఓడిపోయింది ఎక్కువసార్లు టై, తర్వాతే తీగ.

"అన్నా, మంచి ఫైర్ స్లీవు తొడిగితే చాలదా?" అని బండివాళ్లు అడుగుతారు. చాలదు బ్బా. స్లీవు వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుందంతే. గంటసేపు ఒకే వేడిలో ఉంచితే లోపలి తీగ కూడా చుట్టూ ఉన్న వేడికే వస్తుంది, ఎందుకంటే లోపలి వేడి పోవడానికి దానికి ఇంకో దారి లేదు. కాబట్టి వరస ఇలా పెట్టుకోవాలి: మొదట దూరం, కుదరని చోట షీల్డు, ఆ రెంటి తర్వాతే స్లీవు. స్లీవుతో మొదలుపెట్టిన పని ఏదీ రెండో ఎండాకాలం దాటలేదు.

ఇక పని. బ్యాటరీ నెగెటివ్ లగ్గు ముందు విప్పాలి. స్టీరియోకు కోడ్ ఉంటే దానికి ముందే యజమానిని అడిగి రాసుకోవాలి. తర్వాత పాత మానిఫోల్డు ఉండగానే పైనుంచి, ముందు నుంచి, ర్యాంపు మీద కింద నుంచి ఫోటోలు తీసుకోవాలి. ప్రతి క్లిప్పు స్థానమూ అందులో రావాలి. ఈ బండిలో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, ఎగ్జాస్టు రేడియేటర్ వైపు, ఇన్‌టేక్ క్యాబిన్ గోడ వైపు. ప్రధాన వైరింగ్ ఇన్‌టేక్ వైపు నడుస్తుంది కాబట్టి ఇంజెక్టర్ల జోలికి పోయే అవసరం రాదు. ఆ మేరకు ఇది అదృష్టం గల బండి. ఇబ్బంది పడేవి ముందు పక్కకు వచ్చే కొమ్మలు: ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో ఇంజిన్ కంప్యూటర్‌కు చెప్పేది) తీగలు, కింద ఏసీ కంప్రెసర్ క్లచ్‌కు వెళ్లే తీగ, రేడియేటర్, కండెన్సర్ ఫ్యాన్ల తీగలు, గేర్‌బాక్స్ చివర, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే గుత్తి.

తీగల మీద చెయ్యి వేయకముందే హెడ్డర్లను ఒకసారి ఊరికే బిగించి చూడాలి. పాత ప్యాకింగే పెట్టి నాలుగు నట్లు చాలు. ఇక్కడ నేను వాడేది రెండు చెక్క ముక్కలు, ఒకటి 50 మి.మీ., ఒకటి 100 మి.మీ. పైపుకు ఆనించి తీగ వైపు పెట్టి చూస్తే టేపు కొలతకన్నా నిక్కచ్చిగా తెలుస్తుంది. 100 ముక్క పడితే ఆ తీగకు మామూలు నైలాన్ గొట్టం, గుడ్డ టేపు చాలు. 50 ముక్క మాత్రమే పడితే షీల్డు తప్పదు, స్లీవు కూడా వేయాలి. 50 కూడా పట్టని చోట తీగ ఉండకూడదు, దారి మార్చాల్సిందే. ఇవి మా షెడ్డు లెక్కలు. ఇంకా దూరం దొరికితే తీసుకోండి, తగ్గించకండి.

కొలిచేటప్పుడు ఇంజిన్ కదలికను మరిచిపోతారు. రబ్బరు మౌంట్ల మీద ఉన్న ఇంజిన్ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, వదిలినప్పుడు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. పాత బండిలో మౌంట్లు మెత్తబడి ఉంటే ఆ ఊపు 15, 20 మి.మీ. దాకా ఉంటుంది. హెడ్డర్లు ఇంజిన్‌తో పాటు కదులుతాయి, ఫ్యాన్లు బాడీకి కట్టి ఉంటాయి. అంటే నిలబడి ఉన్నప్పుడు 50 కనబడ్డ సందు ఇంజిన్ ముందుకు ఊగినప్పుడు 30. పెద్ద లివరుతో ఇంజిన్‌ను ముందుకు నెట్టి పట్టుకుని మళ్లీ చెక్క ముక్క పెట్టి చూడాలి. ముందు మౌంటు రబ్బరు చీలి ఉంటే దాన్ని మార్చకుండా వైరింగ్ మొదలుపెట్టినా ప్రయోజనం లేదు.

సామాను ముందే తెచ్చిపెట్టుకుంటే పని మధ్యలో ఆగదు. ఈ బండికి సరిపోయింది ఇది: 1.25 చదరపు మి.మీ. సిలికాన్ తీగ 3 మీటర్లు, 2 చదరపు మి.మీ. క్రాస్-లింక్డ్ తీగ రెండు రంగుల్లో చెరి 2 మీటర్లు, 0.75 సిలికాన్ తీగ నాలుగు రంగుల్లో అర మీటరు చొప్పున. సిలికాన్ పూత ఉన్న గ్లాస్‌ఫైబర్ స్లీవు 8 మి.మీ.ది 2 మీటర్లు, 16 మి.మీ.ది 1 మీటరు, వెండి రంగు అల్యూమినియం పొర స్లీవు 1 మీటరు, నైలాన్ ముడతల గొట్టం 3 మీటర్లు, పాలిస్టర్ గుడ్డ టేపు ఒక చుట్ట, రబ్బరు లైనింగ్ ఉన్న ఇనుప పీ-క్లిప్పులు 10, 200 మి.మీ. స్టెయిన్‌లెస్ టైలు 12, 1 మి.మీ. అల్యూమినియం రేకు అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు; ఆక్సిజన్ సెన్సర్‌కు సరిపోయే మగ, ఆడ కప్లర్ల (తీగలను కలిపే ప్లాస్టిక్ కనెక్టర్లు) జత ఒకటి. తీగ, టేపు, టైలు, రేకు కడపలోనే దొరుకుతాయి. సిలికాన్ తీగ, స్లీవులు చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి, కప్లర్లు జీపీ రోడ్డు నుంచి తెప్పించుకోవడం మేలు. ఇక్కడ ఫైర్ స్లీవు పేరుతో అమ్మేదాంట్లో పూత లేని ఉత్త గ్లాస్ అల్లిక కూడా ఉంటుంది. అది ఆయిలు పీల్చుకుంటుంది. ఆయిలు నిండిన స్లీవు హెడ్డరు పక్కన ఉండటం కన్నా స్లీవు లేకపోవడమే నయం.

ఎక్కువ ఆలోచన పెట్టాల్సింది ఆక్సిజన్ సెన్సర్ దగ్గర. హెడ్డర్లలో సెన్సర్ రంధ్రం పైపులు కలిసే చోట, అంటే పాత స్థానం కన్నా కిందికి పోతుంది. తీగ చాలదు. చాలామంది నాలుగు తీగలూ కోసి మధ్యలో ముక్క అతికి సాల్డర్ వేస్తారు. ఇందులో రెండు తప్పులు. ఒకటి, సాల్డర్ తీగ పోగుల్లోకి పాకి ఆ చోటును గట్టిపరుస్తుంది. ఇంజిన్ వణుకుకు గట్టి భాగం, మెత్తటి భాగం కలిసే అంచు దగ్గరే తెగుతుంది. రెండోది తక్కువమందికి తెలుసు: జిర్కోనియా సెన్సర్ పోల్చుకోవడానికి బయటి గాలి కావాలి, ఆ గాలి సెన్సర్ తీగ పోగుల మధ్య నుంచే లోపలికి పోతుంది. అక్కడ సాల్డర్‌తోనో జిగురుతోనో మూసేస్తే సెన్సర్ తప్పు లెక్కలు చెప్పడం మొదలుపెడుతుంది. అందుకే సెన్సర్ తీగలను కోయలేదు. ఒక చివర మగ, ఒక చివర ఆడ కప్లర్‌తో 350 మి.మీ. పొడుగు ముక్క విడిగా తయారు చేసి మధ్యలో పెట్టాను. రేపు కంపెనీ మానిఫోల్డు మళ్లీ వేయాలన్నా ఆ ముక్క పీకేస్తే చాలు.

ఆ ముక్క తయారీలో ఓపెన్ బ్యారెల్ టెర్మినల్ వాడాలి. తీగ తోలు 5 మి.మీ. తీసి, ఒక జత రెక్కలు రాగి మీద, ఇంకో జత తోలు మీద నొక్కాలి. తోలు మీది రెక్కలే వణుకును ఆపేవి. కటింగ్ ప్లయర్‌తో నలిపితే రాగి పోగులు తెగుతాయి, సరైన క్రింపింగ్ పట్టుకారు కావాల్సిందే. నొక్కాక తీగ పట్టుకుని గట్టిగా లాగి చూడాలి. సెన్సర్ నాలుగు తీగల్లో ఒకే రంగువి రెండు సెన్సర్‌ను వేడిచేసే హీటరువి, మిగిలినవి సిగ్నలు, దాని ఎర్తు. కప్లర్‌లో హీటరు, సిగ్నలు తారుమారైతే కంప్యూటర్‌కే దెబ్బ. అందుకని కప్లర్ కలపకముందే మల్టీమీటర్‌తో హీటరు రెండు పిన్నుల మధ్య ఓమ్‌లు వస్తున్నాయో లేదో చూడాలి. సిగ్నలు పిన్నుకూ హీటరుకూ మధ్య ఏమీ రాకూడదు.

సెన్సర్ మర 18 మి.మీ., పిచ్ 1.5. దాన్ని తిప్పి బిగించేటప్పుడు తీగలు కూడా చుట్టుకుంటాయి. కాబట్టి ముందే తీగలను అపసవ్యంగా కొన్ని చుట్లు తిప్పి పట్టుకుని బిగిస్తే చివరికి నిటారుగా వస్తాయి. కాపర్ పేస్టు మర మీద పలచగా చాలు, మూతికి తగలకూడదు. రంధ్రం కిందికి చూస్తున్న హెడ్డర్లు కొనకండి. సెన్సర్ అడ్డంగా ఉన్నా కనీసం 10 డిగ్రీలు పైకి లేచి ఉండాలి, లేదంటే చల్లారాక పైపులో చేరిన నీళ్లు సెన్సర్‌లోకి జారి లోపలి పింగాణీ పగులుతుంది. తీగ సెన్సర్ తోకలోంచి బయటికొచ్చే చోట ఉన్న రబ్బరు బుంగ కూడా వేడికి లొంగేదే. తీగ అక్కడి నుంచి పైపు వెంట నడవకుండా పైపుకు అడ్డంగా, నేరుగా దూరం జరగాలి. మొదటి 100 మి.మీ.కు వెండి స్లీవు తొడిగాను. కప్లర్లు రెండూ గేర్‌బాక్స్ పక్కకు తెచ్చి బ్రాకెట్టుకు క్లిప్పు కట్టాను. కప్లర్ ప్లాస్టిక్‌కు 100 మి.మీ. ముక్క తప్పకుండా పట్టాలి, అక్కడ రాజీ వద్దు.

ఏసీ కంప్రెసర్ హెడ్డర్ల కిందనే ఉంటుంది. దాని క్లచ్ తీగ ఒక్కటే, మూడు నాలుగు ఆంపియర్లు లాగుతుంది. ఒక్క తీగే కదా అని దీన్ని ఎవరూ పట్టించుకోరు, ఎక్కువ బండ్లలో మొదట కాలేది ఇదే. పాత దారి పైనుంచి పైపుల మధ్యగా కిందికి దిగుతుంది. హెడ్డర్లు వచ్చాక ఆ సందు లేదు. ఈ తీగను కప్లర్ దగ్గర నుంచి 1.25 సిలికాన్ తీగతో కొత్తగా లాగి, కంప్రెసర్ ముందు అంచు వెంట రేడియేటర్ కింది పట్టీ మీదికి తెచ్చి, అక్కడి నుంచి పక్కగా పైకి ఎక్కించాను. దారి పొడుగైంది, దాదాపు అర మీటరు ఎక్కువ. అయినా మొత్తం పొడవునా 100 ముక్క పట్టింది. సిలికాన్ తీగ వేడికి గట్టిదే గానీ కోతకు మహా మెత్తది. రేకు అంచు తగిలితే గోరుతో గీసినట్టు తెగుతుంది. అందుకే పూర్తి పొడవునా 8 మి.మీ. గ్లాస్ స్లీవు తొడిగి, పట్టీ అంచు దాటే చోట రబ్బరు పట్టీ కూడా అంటించాలి. కంప్రెసర్ ఇంజిన్‌తో ఊగుతుంది, పట్టీ బాడీది. ఆ రెంటి మధ్య తీగకు అరచేతి వెడల్పు వదులు చుట్టు వదలాలి. ఆ చుట్టు కిందికి వేలాడాలి. పైకి లేచేలా కడితే ఊగినప్పుడల్లా పైపు వైపే వంగుతుంది.

ఫ్యాన్లది సులువు. ఫ్యాను మోటారు వెనక భాగం హెడ్డరు వంపుకు దగ్గరగా వస్తుంది. తీగలు ష్రౌడు (ఫ్యాను చుట్టూ ఉండే చట్రం) వెనక ముఖం మీద నడుస్తుంటే వాటిని రేడియేటర్ పై పట్టీ మీదికి మార్చి, మోటారు దగ్గర మాత్రమే కిందికి దించాలి. పాత తీగ గట్టిపడి ఉంటే 2 చదరపు మి.మీ.ది వేయండి. ఫ్యాను మొదలయ్యే క్షణంలో కరెంటు బాగా లాగుతుంది, సన్న తీగ వేస్తే ఫ్యాను నెమ్మదిస్తుంది, మన ఊళ్లో అది నేరుగా హెడ్ ప్యాకింగ్ ఖర్చు. ఫ్యాను నడుస్తుండగా బ్యాటరీ ప్లస్ నుంచి మోటారు ప్లస్‌కు మల్టీమీటర్ పెట్టి చూస్తే అర వోల్టుకు మించి రాకూడదు.

డిస్ట్రిబ్యూటర్ కొమ్మకు వచ్చేసరికి జాగ్రత్త వేరే రకం. ఈ ఇంజిన్‌లో క్రాంకు స్థానం, టీడీసీ (పిస్టన్ పైకొసకు చేరే క్షణం), సిలిండరు గుర్తించే సెన్సర్లు డిస్ట్రిబ్యూటర్ లోపలే ఉంటాయి. వాటి తీగలు దెబ్బతింటే ఇంజిన్ ఉన్నచోటే ఆగిపోతుంది. నాలుగో సిలిండరు పైపు ఆ చివరనే ఉంది. ఇక్కడ తీగలు కోయడం, అతకడం ఏదీ చేయను. గుత్తిని ఉన్న పొడవులోనే పైకి, వెనక్కి జరిపి హెడ్ మీద ఉన్న ఖాళీ బోల్టుకు పీ-క్లిప్పుతో పట్టించాలి. ప్లగ్గు వైర్లకు 50 మి.మీ. దూరం, వాటిని దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి, పక్కపక్కన నడపకూడదు. లేదంటే వేడితో సంబంధం లేకుండానే సిగ్నల్‌లో గోల చేరుతుంది. పాత గుత్తి మీద టేపు గట్టిపడి పెళుసుగా ఉంటే విప్పి ఒక్కో తీగనూ వేళ్ల మధ్య మెల్లగా వంచి చూడండి. తోలు పగిలితే ఆ తీగ మార్చే తీరాలి. ఇరవై ఏళ్లు దాటిన బండ్లలో ఈ పగుళ్లు హెడ్డర్ల తప్పు కాదు, కొత్త వేడికి బయటపడతాయంతే.

ఈ కొమ్మకూ నాలుగో పైపుకూ మధ్య 50 ముక్కే పట్టింది కాబట్టి అక్కడ షీల్డు చేశాను. 1 మి.మీ. అల్యూమినియం రేకు, అంచులు 5 మి.మీ. మడిచి గట్టిపరచాలి, లేదంటే వణికి చీలుతుంది. రేకును పైపుకు అంటించడమో తీగలకు చుట్టడమో చేస్తే పని చేయదు. పైపుకూ రేకుకూ మధ్య గాలి, రేకుకూ తీగకూ మధ్య మళ్లీ గాలి ఉండాలి, 12 మి.మీ. స్పేసర్లతో నిలబెట్టాలి. మెరుగు వైపు పైపుకు చూడాలి. కింద, పైన తెరిచి ఉంచితే వేడిగాలి పైకి లేచి పోతుంది. మూడు వైపులా మూసిన పెట్టెలా చేస్తే లోపల పొయ్యి తయారవుతుంది.

స్టార్టరు, ఎగ్జాస్టు ఒకే పక్క ఉన్న బండి మీద ఇదే పని చేసేవాళ్లకు ఒక మాట. బ్యాటరీ నుంచి స్టార్టర్‌కు వెళ్లే లావు కేబుల్‌కు ఎక్కువ బండ్లలో ఫ్యూజు ఉండదు. మిగతా కరెంటు తీగల్లో ఎక్కువవాటికి కాలితే ఫ్యూజు పోతుంది, అంతే. ఇది పైపుకు తగిలి తోలు కరిగితే బ్యాటరీ మొత్తం శక్తి బాడీలోకి దిగి మంటే. దీన్ని స్లీవు నమ్ముకుని పైపు పక్కన వదలొద్దు. అవసరమైతే కేబుల్ పొడుగుది కొత్తగా చేయించి, చట్రం వెంట 150 మి.మీ.కు ఒక పీ-క్లిప్పు కట్టండి.

కట్టడం గురించి కాస్త. వేడి పక్క స్టెయిన్‌లెస్ టై, కానీ దాన్ని నేరుగా తీగ మీద బిగిస్తే అంచు కోస్తుంది, కింద స్లీవు ఉండాలి. నైలాన్ టైలు హెడ్డరుకు అడుగు దూరం దాటాకే. క్లిప్పుల మధ్య 150 నుంచి 200 మి.మీ., కప్లర్‌కు ముందు 50 మి.మీ.లో ఒకటి. గుత్తి వంపు దాని లావుకు కనీసం ఐదు రెట్లు ఉండాలి, మూల తిప్పినట్టు మడవకూడదు. జిగురు ఉన్న హీట్‌ష్రింక్ కూడా 125 డిగ్రీల సరుకే కాబట్టి అతుకులేవీ వేడి భాగంలో పడకుండా చూసుకోవాలి. ఒకే గుత్తిలో రెండు మూడు అతుకులు వస్తే 40 మి.మీ. ఎడంగా వేయాలి. గ్లాస్ స్లీవు కోసిన చివర పీచు లేస్తుంది, దానికి 20 మి.మీ. గుడ్డ టేపు చుట్టి మూయండి. వెండి స్లీవు బయటి పొర కరెంటు పారే లోహం, దాని చివర ఏ ఓపెన్ టెర్మినల్‌కూ తగలకూడదు.

హెడ్డర్లకే గుడ్డ చుడితే పోదా అంటారు. చుడితే బానెట్టు కింద వేడి తగ్గే మాట నిజం. అయితే ఆ గుడ్డ నీళ్లను పట్టి ఉంచుతుంది. వాటర్ సర్వీసు చేసిన ప్రతిసారీ పైపు తడిలో నానుతుంది, మామూలు ఇనుప హెడ్డర్లయితే గుడ్డ కింద తుప్పుపట్టి పొరలుగా రాలతాయి. స్టెయిన్‌లెస్‌కు కూడా లోపలి వేడి పెరిగి వెల్డింగు దగ్గర పగుళ్లు రావచ్చు. డబ్బు పెట్టగలిగితే సిరామిక్ పూత వేయించండి, నా ఓటు దానికే. గుడ్డ చుట్టి వైరింగ్ దారి మార్చకుండా వదిలేయడం మాత్రం వద్దు.

చివరి బిగింపుకు కొత్త ప్యాకింగ్, కొత్త నట్లు. సెన్సర్‌కు ముందు ఎక్కడ పొగ లీకైనా బయటి గాలి లోపలికి చేరి, మిక్చరు పలచగా ఉందని సెన్సర్ చెబుతుంది, కంప్యూటర్ అనవసరంగా పెట్రోలు పెంచుతుంది. వైరింగ్ తప్పని అందరూ తీగలు వెతుకుతారు. స్టార్ట్ చేసే ముందు పైపుల మీది చేతి జిడ్డు థిన్నరుతో తుడిచి, థిన్నరు పూర్తిగా ఆరనివ్వాలి. జిడ్డు ఉంటే ఆ మరకలు స్టెయిన్‌లెస్ మీద శాశ్వతంగా ఉండిపోతాయి, మొదటి పొగ దేనిదో కూడా తేల్చుకోలేం. పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపి, పూర్తిగా చల్లారాక నట్లు మాన్యువల్ చెప్పిన టార్క్‌కు మళ్లీ చూడాలి.

వేడి కొలవడంలో లేజర్ గన్నును మెరిసే పైపు మీద నమ్మకండి. మెరిసే స్టెయిన్‌లెస్ తన వేడిని తక్కువగా చూపిస్తుంది, 400 ఉన్నచోట 150 అన్నా ఆశ్చర్యం లేదు. సైలెన్సర్‌కు వేసే నల్ల రంగు రూపాయి బిళ్లంత చుక్క పెట్టి ఆరాక దాని మీద కొలవాలి. అంతకన్నా మనకు కావాల్సింది తీగ వేడి. ఉష్ణోగ్రత కొలిచే మల్టీమీటర్‌తో వచ్చే కే-టైపు ప్రోబు ముత్యాన్ని స్లీవు లోపల, తీగ పక్కన టేపు వేసి పెట్టి, దాని తీగను బానెట్టు సందులోంచి కిటికీ దాకా తెచ్చుకోవాలి.

పరీక్షకు మాకు గువ్వలచెరువు ఘాటు కన్నా మంచి చోటు లేదు. కడప నుంచి రాయచోటి రోడ్డులో ఏసీ వేసి మధ్యాహ్నం బయల్దేరాలి. ఘాటులో లారీల వెనక రెండో గేరులో, గాలి తగలకుండా ఎక్కుతుంటే హెడ్డర్లు పూర్తి వేడికి వస్తాయి. ఆ తర్వాత గువ్వలచెరువులో కోవా అంగళ్ల దగ్గర ఇంజిన్ ఆపి, బానెట్టు తెరవకుండా మీటరు చూస్తూ కూర్చోవాలి. అంకె తగ్గదు, పెరుగుతుంది. నడుస్తున్నంతసేపు ఫ్యాను గాలి, రోడ్డు గాలి తీగను కాపాడతాయి. ఆపగానే అవి పోయి, పైపుల్లో నిల్వ ఉన్న వేడంతా పైకి లేస్తుంది. కొన్ని నిమిషాల తర్వాత వచ్చే ఆ శిఖరమే అసలైన లెక్క. పీవీసీ తీగ ఉన్నచోట అది 90 లోపు, క్రాస్-లింక్డ్ దగ్గర 110 లోపు ఉంటే ఆ దారి ఖాయం చేయవచ్చు. దాటితే స్లీవు మీద స్లీవు వేయకుండా దారినే మళ్లీ జరపాలి. మళ్లీ స్టార్ట్ చేసి ఏసీ పట్టిందా, రెండు ఫ్యాన్లూ తిరిగాయా చూసుకుని కిందికి దిగాలి.

చెక్ ఇంజిన్ లైటు వెలిగితే ఈ బండికి స్కానరు లేకున్నా ఫర్వాలేదు. డ్యాష్‌బోర్డు కింద రెండు పిన్నుల సర్వీసు కప్లర్‌ను చిన్న తీగతో కలిపి ఇగ్నిషన్ వేస్తే లైటే కోడ్ చెబుతుంది. పొడుగు వెలుగు పది, పొట్టి వెలుగు ఒకటి. నాలుగు పొడుగు, ఒక పొట్టి వస్తే 41, సెన్సర్ హీటరు దారి తెగింది. ఒక్క పొట్టి వెలుగు అంటే సెన్సర్ సిగ్నలు. 4, 8, 9 వస్తే డిస్ట్రిబ్యూటర్ కొమ్మ. చల్లగా ఉన్నప్పుడు బాగుండి ఘాటు తర్వాతే కోడ్ వస్తుంటే, ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి ఆ కొమ్మను పొడుగు చెక్క పుల్లతో మెల్లగా కదిపి చూడండి. చెయ్యి పెట్టొద్దు.

పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరు తీసేసి హెడ్డర్లు వేయమంటే నేను ఒప్పుకోను. పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర ఆగుతుంది, పైగా కంపెనీ తయారీకి భిన్నంగా బండిని మార్చడం మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. హెడ్డర్లు వేసేముందే యజమాని ఆర్టీవో, ఇన్సూరెన్సు సంగతి తేల్చుకోవాలి. హెడ్డరు పక్కన కాలిన వైరింగ్‌కు క్లెయిము అడిగినప్పుడు మొదటి ప్రశ్న దాని గురించే వస్తుంది.

మొదటి వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి, ఆ తర్వాత ప్రతి ఆయిలు సర్వీసుకూ చల్లటి ఇంజిన్ మీద చూడాల్సినవి: స్లీవును రెండు వేళ్లతో నొక్కితే మెత్తగా ఉండాలి, పెళపెళమంటే ఆ చోట వేడి ఎక్కువవుతోంది. వెండి పొర గోధుమ రంగుకు తిరిగితే షీల్డు జరిగింది. కంప్రెసర్ దగ్గర వదిలిన చుట్టు ఇంకా కిందికే వేలాడుతోందా, పీ-క్లిప్పుల రబ్బరు జారిందా, షీల్డు స్పేసర్ల బోల్టులు వదులయ్యాయా. డిప్‌స్టిక్కు కూడా ఎగ్జాస్టు పక్కే ఉంటుంది, ఆయిలు పోసిన కుర్రాడు దాన్ని తీసి పెట్టేటప్పుడు సెన్సర్ తీగను పక్కకు నెట్టి అలాగే వదిలేస్తాడు. కాబట్టి బానెట్టు మూసే ముందు 50 చెక్క ముక్క ఒకసారి పెట్టి చూడండి.